ఎర్రచుక్క

మా కాలేజీ బోటనీ ల్యాబులో మరియదాసు పంతొమ్మిదేళ్ళు అటెండరుగా చేశాడు, అదీ టెంపరరీగా. నేను లెక్చరర్‌ని. బొమ్మలో ఒక్క పేరు తప్పు రాసినా మార్కు కోసేదాన్ని. పిల్లలకు నేనంటే హడల్, అతనికీ అంతే.

ప్రాక్టికల్స్ ముందు రైవస్ కాలువ రాళ్ళమీది నాచు తెచ్చి గాజు సీసాలో వేసేవాడు. సీసాకు నల్లకాగితం చుట్టి, కిటికీ వైపు చిన్న సిలువ ఆకారంలో కత్తిరించేవాడు. మేరీమాత గుడి ఉన్న గుణదల మనిషి మరి. నాచు విడిచిన జూస్పోర్లు, అంటే ఈదే బీజాలు, వెలుగు వెతుక్కుంటూ వచ్చి గాజుమీద పచ్చటి సిలువగా అంటుకునేవి. చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది.

తొంభై ఏడు జనవరిలో ఒకరోజు ఆ బీజం లోపలి నిర్మాణం చెబుతున్నాను. బేరిపండు ఆకారం, ముందు కొరడాల్లాంటి నాలుగు పోగులు, లోపల గిన్నెలాంటి హరితరేణువు, కేంద్రకం, ఓ పక్కన వెలుగును పసిగట్టే ఎర్రచుక్క. అదే దాని కన్ను. చోటు దొరికి కుదురుకోగానే పోగులు పోతాయి, ఎర్రచుక్క మాయమవుతుంది.

గుమ్మం దగ్గర నుంచుని వింటున్న మరియదాసు, "కుదురుకున్నాక కన్నెందుకు పోద్దండీ?" అన్నాడు.

"ఇక దాంతో పనిలేదు గనక," అన్నాను విసుగ్గా.

అతన్ని పర్మినెంట్ చేస్తున్నట్టు అంతకు ముందురోజే కాగితం వచ్చింది. కంటిపరీక్ష ఒక్కటే మిగిలింది. ఆ నెలంతా స్లైడ్లు పగలగొడుతూనే ఉన్నాడు. తాగొస్తున్నావా అని అందరి ముందూ తిట్టాను. తలొంచుకుని గాజుముక్కలు ఏరుకున్నాడు.

కంటిపరీక్ష ముందురోజు పొద్దున నేనే సీసా కాగితం తీశాను. సిలువ లేదు. రెండు పచ్చటి కళ్ళు నన్నే చూస్తున్నాయి. భయంతో రెండడుగులు వెనక్కి వేశాను.

"మేరీమాతకి మొక్కుకుని కత్తిరించానండీ," అన్నాడు వెనకనుంచి మరియదాసు. "నాకు కానరావట్లేదు మేడంగారూ. కాగితం కూడా తడుముకుంటానే కోశా. ఆటికి ఎర్రచుక్క మిగిలుంటే నా చూపూ నిలుస్తదనుకున్నా. మీరే చూసి చెప్పాలండీ."

గాజుమీంచి గీకి మైక్రోస్కోపు కింద పెట్టాను. వందల బీజాలు, అన్నీ కుదురుకున్నవే. ఎంత వెతికినా ఒక్కదానిలోనూ చుక్క లేదు. నేను తిట్టిన తిట్లు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

"ఉంది మరియదాసూ," అన్నాను.

అతను చేతులు జోడించాడు. నాకు కాదు, నా పక్కనున్న ఖాళీ స్టూలుకు.