సదానందం కూల్చిన ఓడలు

కొత్తవాడలో జంపఖానాలు నేసే సదానందానికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: ఆకాశంలో తిరిగే ఓడలను కూల్చడం. కథల్లోనే లెండి! ఓడను ఏదో దిక్కుమాలిన గ్రహం మీద పడేసి, ఇక వినేవాళ్ల ప్రాణం తీసేవాడు.

ఆయన మేడమీది గదిలో అద్దెకుండే యమున రోజూ దొరికిపోయేది. మరిపెడ నుంచి వచ్చి, మడికొండలో కంప్యూటర్ ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. పలకరించే దిక్కు లేదు. కంచం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. వచ్చే ఆదివారం ఉద్యోగం వదిలేసి ఇంటికి పోవాలని నిశ్చయించుకుంది.

ఆ పొద్దున కూడా సరిగ్గా ముద్ద నోట్లో పెట్టుకునే వేళకు గుమ్మంలో ఆయన.

“బిడ్డా, ఓడ కూలింది. ఏడుగురున్నరు. ఉన్న ఒక్క నీళ్ల డబ్బా పహిల్వాన్ గుంజుకున్నడు. ఎట్ల మరి?”

“అందరు కలిసి వాన్ని తన్నాలె పెదనాయినా.”

“తంతే ఆరుగురే మిగులుతరు. ఓడ లేపనీకి ఏడుగురు కావాలె.”

“నాకు తెల్వది!”

“ఫికర్ లేదు, రేపు చెప్పు.”

ఒకసారి దవాఖానలో సూది వేయించుకుంటూ పక్క మంచంలో ఒక్కడే గంజి తాగుతున్న ముసలాయన మీద ఓడ కూల్చాడు. ఒక పెళ్లిలో, మూలన ఒంటరిగా కూర్చున్న మనిషి విస్తట్లో పప్పు చల్లారేదాకా కూల్చాడు.

శనివారం యమున, ఊరికి పోతున్నానని సదానందానికి చెప్పి వచ్చి సంచి సర్దుతుంటే పక్కింటి రాజక్క వచ్చింది.

“ఓడల బాధ తప్పింది అక్కా,” అంది యమున.

రాజక్క మూతి ముడిచింది. “నీకన్న చెప్పిండు. ఇరవై ఏండ్లసంది పక్కింట్ల ఉన్న, నన్ను ఒక్కనాడు అడగలే. నాకు ఇంటినిండ మనుషులున్నరంట! పెండ్లాం లింగమ్మ పోయినకాన్నుంచి, ఒంటిగ తినేటోళ్లకే ఆయన ఓడలు.”

యమున సర్దుతున్న సంచిని పక్కన పెట్టింది. మూడు నెలలుగా ఆయన్ను తిట్టుకుంటూనే అన్నం తింది. ఒక్క పూటా కంచం వదిలేసి లేవలేదు.

కింద సదానందం మగ్గం దగ్గరికి దిగింది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాల్సిన వెడల్పు మగ్గం అది. సదానందం ఎడమ సగం నేసి, లేచి, కుడివైపుకు జరిగి మిగతా సగం నేసి, మళ్లీ లేస్తున్నాడు.

యమున కుడివైపు కూర్చుంది. పోగులు దిగ్గొట్టే పంజా అందుకుని, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. అంచు వంకరపోయింది.

“పహిల్వాన్ పని చేయకు బిడ్డా! జర మెల్లగ, నాతోటి సమానంగ.”

“సోమారానికల్లా నేర్చుకుంట పెదనాయినా.”

“సోమారం నువ్వు మరిపెడల ఉంటవు గద?”

“ఉండను.”

సదానందం ఈసారి లేచి కుడివైపుకు రాలేదు. కాస్త జరిగి చోటిచ్చాడు.