సైకిల్ ట్యాక్సీ ముందు ఐదు సెకన్లు

2022, చలికాలం. వరంగల్ చౌరస్తా నుంచి స్టేషన్ వైపు పోయే రోడ్డు మీద ఒక పాత బిల్డింగును కూల్చి కొత్తది కట్టాలని ఓనర్లు అనుకున్నారు. కింది దుకాణాలన్నీ ఖాళీ అవుతున్నాయి. అందులో ఒకటి సమ్మయ్య కాక సైకిల్ ట్యాక్సీ. ఇప్పటి పిల్లలకు చెబితే గానీ తెలియదు, సైకిల్ ట్యాక్సీ అంటే గంటల లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం. కిరాయిలు ఎప్పుడో పోయి రిపేర్లు మిగిలాయి, పేరు మాత్రం అదే. నేను సైకిల్ నేర్చుకున్నది అక్కడి కిరాయి సైకిల్ మీదే. మోకాళ్లు పగలగొట్టుకున్నదీ దాని మీదే.

హనుమకొండలో నాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు నా బువ్వ, చీకటి పడ్డాక ఊరిని తీయడం నా పిచ్చి. ఒకరోజు కాక కూతురు స్వరూప స్టూడియోకు వచ్చింది. ఆమె దవాఖానలో నర్సు. నేను తీసిన చౌరస్తా ఫోటో గోడకు ఉంటే దాన్నే చూస్తూ నిలబడింది. బండ్ల లైట్లు ఎర్రగా, తెల్లగా దారాల్లా సాగిన ఫోటో అది.

"అన్నా, గిట్లనే మా బాపు దుకాణం తియ్యాలె. రోడ్డు, లైట్లు, బాపు, అన్నీ రావాలె. ఎల్లుండి పొద్దుగాల సామాను ఎత్తుతాండ్లు. మా ఇంట్ల బాపు ఫోటో అంటే ఆధార్ కార్డుదే. అండ్ల ఎవరినో పట్టుకచ్చి కూసోబెట్టినట్టుంటడు."

"గంతేనా? అయిపోయిందనుకో" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో!

మర్నాడు పొద్దుగూకగానే దుకాణానికి కాస్త పక్కగా, రోడ్డు కూడా ఫ్రేములో పడేటట్టు ట్రైపాడ్ పెట్టాను. లాంగ్ ఎక్స్‌పోజర్ అంటే షట్టర్‌ను రెప్పపాటులో మూసేయకుండా కొన్ని సెకన్లు తెరిచి ఉంచడం. కదిలే లైట్లు గీతలవుతాయి, కదలనివి ఉన్నవి ఉన్నట్టు నిలుస్తాయి. ఐఎస్‌ఓ అంటే కెమెరా వెలుతురును ఎంత చురుగ్గా అందుకోవాలో చెప్పే అంకె, దాన్ని వందకు దించాను. అపర్చర్ అంటే లెన్సు లోపలి రంధ్రం, ఎఫ్ పదహారు పెట్టి దాన్ని చిన్నది చేశాను. షట్టర్ ఇరవై సెకన్లు. నా వేలు తగిలి కెమెరా అదరకుండా టైమర్ పెట్టాను. ఈ లెక్కలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

"కాకా, జరంతసేపు కదలకు" అన్నాను.

కాక దుకాణం ముందు నిలబడ్డాడు. ఆఖరి రోజని బజారంతా తెలుసు. పోయే ప్రతి మనిషీ పలకరిస్తున్నాడు. "ఏం సమ్మన్నా, పోతానవా?" అని ఒకరు, "మళ్ల ఏడ కనబడుతవే కాకా?" అని ఇంకొకరు. పలకరిస్తే చెయ్యెత్తకుండా ఉండే మనిషా ఆయన! ఫోటోలో రోడ్డు అద్భుతంగా వచ్చింది, గోడ మీది సున్నం పెచ్చులతో సహా వచ్చింది. కాక ఉండాల్సిన చోట పొగ లాంటి మరక, దానికి నాలుగు చేతులు.

స్వరూప కెమెరా వెనకాల స్క్రీన్ చూసింది. "బాపు ఏడే అన్నా?"

"ఇగో, ఈ పొగలెక్క ఉన్నది..."

"పొగనా? మా బాపు పొగనా?" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కాకను స్టూలు మీద కూర్చోబెట్టాను. కదలొద్దన్నకొద్దీ ఆయన బిగుసుకుపోయాడు, మెడ సన్నగా వణికింది. మళ్లీ పొగే. సరేనని ఐఎస్‌ఓ పదహారు వందలకు పెంచి, షట్టర్‌ను సెకనులో చిన్న ముక్కకు తగ్గించాను. కాక స్పష్టంగా వచ్చాడు గానీ రోడ్డు మీది లైట్లు చుక్కలైపోయాయి, ఫోటో అంతా ఇసుక చల్లినట్టు గరుకైంది.

"ఇది మళ్ల ఆధార్ కార్డే అన్నా" అంది స్వరూప.

కాకకు కోపమొచ్చింది. "ఇడిశిపెట్టుర్రి ఇగ! నేనేమన్న బొమ్మనా గట్ల నిలబడెతందుకు? ఖాళీ దుకాణంల నన్నేం దీస్తరు?" అంటూ లోపలికి పోయాడు. స్వరూప గోడ వైపే చూస్తోంది. పనిముట్లన్నీ అప్పటికే గోనెసంచిలో మూటకట్టి ఉన్నాయి. పెళ్లిళ్లలో వెయ్యి మందిని నిలబెట్టి తీసినవాణ్ని, ఒక్క ముసలాయన చేతిలో ఓడిపోయానని నామీద నాకే ఒళ్లు మండింది.

అప్పుడొచ్చాడు ఒక పాలాయన, సైకిల్‌ను నడిపించుకుంటూ. "కాకా, గుంతల పడి ఎనక చక్రం వంకర పోయింది. రేపటికెల్లి ఎవని దగ్గరికి పోవాలె నేను?"

కాక ఒక్కసారి మా వైపు చూసి, మూట విప్పాడు. సైకిల్‌ను దుకాణం ముందు తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రాన్ని తిప్పాడు. బొటనవేలు రిమ్ము దగ్గరగా పెట్టి, వంగి, ఒక కన్ను మూసి, చక్రం ఎక్కడ పక్కకు జరుగుతోందో చూస్తున్నాడు. ఊపిరి కూడా బిగబట్టినట్టున్నాడు. రోడ్డు మీంచి ఎవరో "సమ్మన్నా!" అని కేకేశారు. ఆయనకు వినబడలేదు.

నాకు వెలిగింది. ఐఎస్‌ఓ మళ్లీ వంద. అపర్చర్ ఎఫ్ పదకొండు. షట్టర్ ఐదు సెకన్లు, ఎందుకంటే చక్రం నెమ్మదించేలోపే ఆయన లేచి, చక్రం పుల్లలు బిగించే స్పోక్ చావి అందుకుంటాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా టైమర్ నొక్కాను. ఆ ఐదు సెకన్లు నేను కూడా ఊపిరి తీసుకోలేదు.

బండ్ల లైట్లు ఎర్రటి, తెల్లటి గీతలై రోడ్డంతా పారాయి. పుల్లలు కనబడకుండా చక్రం వెండి కంచంలా మెరిసింది. ఆ రెంటి నడుమ సమ్మయ్య కాక, నుదుటి మీద ముడతతో సహా, స్పష్టంగా ఉన్నాడు. స్వరూప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "బాపు" అంది, అంతే. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

అప్పటి నుంచి నేనెవరినీ కదలొద్దని అనడం లేదు. అంతకుముందు రోడ్డును చూసి, లైట్లను చూసి సెకన్లు ఎంచుకునేవాణ్ని. ఇప్పుడు మనిషికి ఏ పని వచ్చో అడుగుతాను. ఆ పనిలో పడనిచ్చి, అందులో ఎంతసేపు నిలుస్తాడో చూసి, అప్పుడు షట్టర్ సంగతి ఆలోచిస్తాను.

దుకాణం పోయిన కొన్నాళ్లకు ఫోటోకు ఫ్రేము కట్టించి హసన్‌పర్తిలో వాళ్లింటికి తీసుకుపోయాను. కాక అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని వంగి వంగి చూశాడు. నచ్చలేదేమోనని నాకు గుబులు పట్టింది. ఆయన తలెత్తి, వీధిలో పోతున్న పక్కింటాయన్ను గట్టిగా పిలిచాడు.

"ఓ రాజన్నా, జర ఇటు రారాదు! ఇగో సూడు, నేను పని జేస్తాన్న!"