డప్పుకు పరుగెత్తనివాళ్లం

మా ఇంట్లో పరుగెత్తే అలవాటు లేదు. మా తాత ఊళ్లోకి బయలుదేరితే ముందు డప్పు మోగేదని, జనం దారి పక్కకు తప్పుకునేవారని బాపు చెప్పేవాడు. డప్పు విని తప్పుకునేది ఎదుటివాళ్లు, మేము కాదు. నడుము నిటారుగా పెట్టి నెమ్మదిగా నడవడం మాకు అక్షరాలకన్నా ముందే నేర్పారు. అందులో తప్పుందని ఇప్పటికీ అనను.

జాగీర్లు రద్దయ్యాక మాకు మిగిలింది భువనగిరి దాపున సగం కూలిన గడీ, దాని వెనక రాతిగుట్ట. గుట్టను బాపు ఒక గుత్తేదారుకు కిరాయికి ఇచ్చాడు. బండకు రంధ్రాలు తొలిచి, మందు దట్టించి, వత్తి అంటించే ముందు ఒక కూలీ డప్పు కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే రాళ్లు కొట్టేవాళ్లంతా కింద ఉన్న పెద్ద రాతిగుండు చాటుకు ఉరికేవారు. వాళ్ల పసిపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. పేల్చే వేళకు మమ్మల్ని ఇంట్లో ఉంచమని గుత్తేదారు ఒకసారి బాపును అడిగాడు. మా గుట్ట మీద మా పిల్లలు ఎటు తిరగాలో ఇంకొకరు చెప్పనక్కరలేదని బాపు జవాబిచ్చాడు.

ఒకరోజు అన్నా నేనూ గుట్ట మీద ఉండగా డప్పు మోగింది. అందరూ ఉరుకుతుంటే భయమేసి నేనూ ఉరికాను. వెనక నుంచి అన్న నవ్వాడు.

“కూలోళ్ల లెక్క ఉరుకుతున్నవేందిరా? బాపుకు చెప్త చూడు.”

గుండు చాటున ఉన్న ఒకామె చంకలోని పిల్లను నా పక్కన దించి, మళ్లీ బయటికి వెళ్లింది. అన్న ముందు నిలబడి బతిమాలింది.

“చిన్నదొరా, జర ఉరుకుండ్రి. వత్తి అంటువెట్టిన్రు.”

చెయ్యి చాచింది, వెనక్కి తీసుకుంది. దొర కొడుకును చెయ్యి పట్టి లాగే ధైర్యం ఆమెకు లేకపోయింది. అన్న తాత నడిచినట్టే నడిచాడు. రాయి వచ్చి మోకాలిని పగలగొట్టింది. అప్పుడు మాత్రం ఆమె వాణ్ని ఎత్తుకుంది.

అన్న చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు. ఒక్కసారీ ఏడవలేదని చుట్టాలంతా మెచ్చుకున్నారు. నేను పరుగెత్తి బతికిన సంగతి ఎవరూ ఎత్తలేదు.

బాపు వాణ్ని ఇంటికి తెచ్చిన రోజు బస్సు దగ్గరికి నేను ఎదురు వెళ్లాను. గడీకి దారి గుట్ట కిందినుంచే. మేం అక్కడికి వచ్చేసరికి డప్పు మోగింది. అన్న చంకకర్రల మీద ఆగి బాపు ముఖంలోకి చూశాడు.

“నాకిప్పుడు ఉరుకరాదు బాపూ.”

బాపు వాణ్ని భుజాన వేసుకుని పరుగెత్తాడు. తలపాగా జారి దుమ్ములో పడినా ఆగలేదు. చంకకర్రలు ఏరుకుని వెనకే నేనూ పరుగెత్తాను. గుండు చాటున కూలీలు జరిగి మాకు జాగా ఇచ్చారు. దొర ఉరకడం తాము చూడలేదన్నట్టు అందరూ ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. ఆమె కూడా.

బాపు రొప్పుతూ బండకు ఆనుకున్నాడు. వాణ్ని మాత్రం కిందికి దించలేదు. ఆయన అంత బాగా పరుగెత్తగలడని మా అన్నకు కొన్నాళ్ల ముందు తెలిసి ఉంటే ఎంత బాగుండేది.