పన్నెండు డాలర్ల పసుపు కుర్చీ

మా వదిన లవోన్ గురించి ఎవరైనా మంచిగా చెప్తే నేను తల దించుకుంటాను. ఆవిడ చెడ్డదని కాదు. ఆవిడ చేసిన ఒక్క తప్పులో సగం నాది కాబట్టి.

స్కూలు వంటగదిలో ముప్పై ఏళ్లు పిల్లలకి బంగాళదుంపలు చిదిమి పెట్టి రిటైరైంది. మా అన్నయ్య మెర్ల్ పోయాక ఆవిడకి మిగిలింది కాస్త పెన్షను, ఒక డొక్కు ట్రక్కు, నేను. మా కోల్ ఫోర్క్ ఊళ్లో మే నెల వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు ఇంటి ముందు గడ్డిలో బల్లలేసి, వాడి పక్కన పడేసిన సామాను అమ్ముతూనే ఉంటారు. ఆ యార్డ్ సేళ్లే మా వదిన ప్రాణం. గురువారం పేపర్లో ప్రకటనలన్నీ పెన్సిలుతో గీసుకునేది. శనివారం ఏడింటికల్లా, వాళ్లింకా బల్లల మీద దుప్పటి కూడా పరవకముందే, నన్ను ట్రక్కులో ఎక్కించుకుని అక్కడ ఉండేది.

బేరం ఆడటం చూడాలి ఆవిడది. కావాల్సిన వస్తువు వైపు అసలు చూడదు. రెండు బల్లలు దాటి వెళ్లి, పనికిరాని పళ్లెమేదో తిప్పి తిప్పి చూసి, వెళ్లిపోతూ వెళ్లిపోతూ, "ఇది కూడా అమ్ముతున్నారా?" అని అడుగుతుంది. ఎదుటివాళ్లు సగానికి దిగిపోవాల్సిందే. ఇక్కడ అంటించిన ధర ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. ఇస్తే అమ్మేవాళ్లే తెల్లబోతారు.

అలాగని ఎవర్నీ ముంచేది కాదు. ఒకసారి రెండు డాలర్లకి కొన్న కోటు జేబులో ఉంగరం దొరికితే, పన్నెండు మైళ్లు వెనక్కి వెళ్లి ఇచ్చి వచ్చింది. ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నారు. చర్చిలో చందాల డబ్బా తాళం ఆవిడ చేతికే ఇచ్చారు. ఆ పేరంటే ఆవిడకి ఎంత అపురూపమో నాకు తెలుసు.

జూన్ మొదటి వారం ఊరంతా ఒకేసారి సేలు పెట్టుకుంటారు. ఆదివారం నాలుగు దాటాక రోడ్డంచున మిగిలిపోయిన వస్తువులు ఎవరు తీసుకెళ్లినా అడిగే నాథుడుండడు. తలుపు కొట్టి అడగడం కూడా మర్యాద కాదు. అమ్ముడుపోని సామాను గురించి మొహం మీద అడిగినట్టవుతుంది.

ఆ ఆదివారం ఆరింటికి, మేము ఎప్పుడూ వెళ్లని ఎల్మ్ వీధిలో తిరుగుతున్నాం. ఒక ఇంటి ముందు మిగిలిన సామాను కుప్ప, దాని మీద 'ఉచితం' అని రాసిన అట్ట. దానికి నాలుగడుగుల అవతల, పక్కింటి పోస్టు డబ్బా దగ్గర, చేతులున్న ఓక్ కుర్చీ ఒకటి. మా వదిన బ్రేకు తొక్కిన తొక్కుకి నా నుదురు అద్దానికి కొట్టుకుంది.

"పట్టు, పట్టు. ఇలాంటి కుర్చీ ఇప్పుడెవడు చేస్తాడు?" అంటూ ఒక పక్క పట్టుకుంది.

రెండో పక్క నేను పట్టుకున్నాను. కుర్చీలో నా వైపు, వదినకి కనపడని మూల, పేపరు మడిచి ఉంది. ఆ రోజు పేపరే. ఆ రోజు పేపరు మడిచి పెట్టిన కుర్చీ పారేసిన కుర్చీ కాదని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. కానీ పొద్దున్నుంచీ తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి, ఆకలి దంచేస్తోంది. వదిన ట్రక్కు వెనక తలుపు దించడానికి అటు తిరగ్గానే పేపరు తీసి ఆ పక్క కుప్పలో పడేసి, కుర్చీ ఎత్తాను. నోరు మెదపలేదు.

రెండు రోజులు షెడ్డులో కూర్చుని వదిన దాన్ని నున్నగా రుద్దింది. వీపు ఆనే పై చెక్క మీద వరసగా సన్నటి గీతలు, ఏభై పైనే ఉంటాయి. "ఏ దరిద్రుడో మేకుతో గీకి పెట్టాడు చూడు," అని తిట్టుకుంటూ గరుకు కాగితంతో ఒక్కటీ మిగలకుండా అరగదీసింది. ఆపైన నిమ్మపండు పసుపు రంగు వేసింది. నిజం చెప్పొద్దూ, ముచ్చటగా ఉంది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో కాఫీ తాగుతుంటే పాస్టర్ భార్య చెప్పింది. ఎల్మ్ వీధిలో ఓర్వల్ డీట్జ్ అని ఎనభై నాలుగేళ్ల ముసలాయన. భార్య నెవా తుంటి విరిగి వృద్ధుల ఆసుపత్రిలో ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్లడానికి రోజూ పదింటికి వ్యాను వస్తుంది. పోస్టు డబ్బా దగ్గర నెవా కుర్చీ వేసుకుని, పేపరు చదువుకుంటూ దానికోసం చూస్తాడట. కుర్చీని ఎవరో ఎత్తుకుపోయారు. ఇప్పుడు డబ్బా పట్టుకుని నిలబడుతున్నాడు. మడత కుర్చీ ఇస్తే వద్దన్నాడు, కిందికి కూర్చుంటే లేవలేడట.

"పెళ్లిరోజు వచ్చినప్పుడల్లా నెవా ఆ కుర్చీ మీద మేకుతో ఒక గీత గీసేది, పాపం. యాభై నాలుగు గీతలు," అంది పాస్టర్ భార్య.

మా వదిన కప్పు బల్ల మీద పెట్టేసింది. చుట్టూ అందరూ ఎవరు చేశారీ పని అని మండిపడుతున్నారు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను.

"సిటీ నుంచి వస్తారుగా పాత సామాను కొనేవాళ్లు, వాళ్ల పనే అయ్యుంటుంది," అంది మా వదిన. అందరూ అవునంటే అవునన్నారు. నేనూ తలూపాను.

ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ ఏ సేలుకీ వెళ్లలేదు. బజారుకి వెళ్లాలన్నా ఊరు చుట్టి వెళ్లేది, ఎల్మ్ వీధి వైపు తొంగి చూడాల్సి వస్తుందని. రెండుసార్లు కుర్చీని ట్రక్కులో ఎక్కించి, మళ్లీ దించేసింది. "రంగు గీకేస్తా, కానీ ఆ గీతలెక్కణ్ణుంచి తేను?" అని ఏడ్చింది. అప్పుడు ఆ పాపిష్టి సలహా ఇచ్చింది నేనే. మన ఇంటి ముందే సేలు పెడదాం, ఊరి బయటివాళ్లకి అమ్మేద్దాం, కళ్ల ముందు నుంచి పోతే మనసులోంచీ పోతుంది అన్నాను. పన్నెండు డాలర్లని కాగితం కూడా నేనే అంటించాను.

సేలు రోజు పదకొండింటికి వృద్ధుల వ్యాను మా ఇంటి ముందు ఆగింది. ఓర్వల్ డీట్జ్ కర్ర పట్టుకుని మెల్లగా దిగాడు. చేతులున్న కుర్చీ ఏదన్నా ఉందా, కాస్త ఎత్తుగా, అని అడిగాడు. ఆయనే చూసుకుని పసుపు కుర్చీ దగ్గరికి వెళ్లి, దాని చేతుల మీద చేతులు ఆన్చి కూర్చున్నాడు. తర్వాత చెయ్యి వెనక్కి పోనిచ్చి, పై చెక్కని బొటనవేలితో తడిమాడు. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్లీ వెనక్కి. నేను బల్ల మీద చెంచాలు సర్దుతున్నట్టు నటించాను.

లేచి పర్సు తీశాడు. పన్నెండు డాలర్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. బేరమాడలేదు.

వదిన ఆ నోట్లు ఆయన చేతిలోకి తోసేసింది. "వద్దు డీట్జ్ గారూ. ఇది మీదే. మీ ఇంటి ముందు నుంచి నేనే ఎత్తుకొచ్చాను. పారేశారనుకున్నాను. కాదని తెలిశాక కూడా నోరు విప్పలేదు," అంది. అక్కడ సామాను చూస్తున్న ఆరుగురూ ఆగిపోయారు. అందులో పాస్టర్ భార్య కూడా ఉంది.

"తెలుసమ్మాయ్. కూర్చోగానే తెలిసింది," అన్నాడాయన.

"మరి డబ్బులెందుకిస్తారు?"

"నా కుర్చీ వానకి తడవట్లేదు కదా అని నెవా రోజూ అడుగుతుంది. ఈ మధ్య మాట తప్పిస్తున్నాను. ఇవాళ పసుపు కుర్చీ ఒకటి కొన్నానని చెప్తాను. యాభై నాలుగేళ్లలో నెవాకి నేను అబద్ధం చెప్పలేదు. అందుకని డబ్బు తీసుకో."

తీసుకుంది. ఏం చేస్తుంది? ఆయన ఆవిణ్ణి అడిగింది అదొక్కటే. వ్యాను డ్రైవరు వచ్చి కుర్చీ ఎత్తబోతే, వదినే అడ్డం వచ్చి ఒక్కర్తే మోసుకెళ్లి వ్యానులో పెట్టింది. ఆ వారమే చందాల డబ్బా తాళం తిరిగి ఇచ్చేసింది. ఉంచుకోమని ఎవరూ అనలేదు.

ఇప్పుడు మళ్లీ సేళ్లకి వెళ్తోంది. ఆదివారం సాయంత్రం రోడ్డంచున చిల్లుపడ్డ బకెట్టు కనిపించినా, వెళ్లి తలుపు కొట్టి, ఇది పారేశారా అని అడుగుతుంది. జనం నవ్వుతారు. లోపల్లోపల విసుక్కుంటారు కూడా. ఆవిడ లెక్కచెయ్యదు.

నేను ట్రక్కులోనే కూర్చుంటాను. పాస్టర్ భార్య నాతో మునుపటిలాగే మాట్లాడుతుంది, మీ వదిన అంత పని చేసిందంటే నమ్మలేకపోయానని జాలిపడుతుంది కూడా. ఆ పేపరు సంగతి మా వదినకి కూడా తెలీదు. చెప్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఇంతవరకూ చెప్పలేదు.