వాకిట్లో నీళ్లు పడని రోజు

రిటైరయ్యాక మలేషియాలో ఉండిపోవాలని కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాను. పరాయి దేశంలో ఒంటరిదాన్ని, నాకేమన్నా అయితే ఎవరికి తెలుస్తుందన్న బెంగ మాత్రం వదల్లేదు. వెళ్లేముందు స్నేహితురాలికి చెప్పి వద్దామని కుప్పంలో మదనపల్లె బస్సెక్కాను. నా పక్క సీట్లో ఒక ఫ్రెంచావిడ కూర్చుంది. ఉద్యోగం అయిపోయాక వచ్చి, మదనపల్లెలో ఒక్కతే అద్దెకుంటోందట.

"భయం వేయదా?" అని అడిగాను.

"మొదట్లో ఉండె. ఇప్పుడు యాల భయమమ్మా?" అంది, అచ్చం అక్కడివాళ్లలాగే.

పుంగనూరు దాటాక సంగతి చెప్పింది. ఇల్లుగలామె మొదటిరోజే ముగ్గుపిండి డబ్బా చేతికిచ్చిందట. ఈవిడ విసుక్కుంటూనే రోజూ వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గేసేది. ఒకరోజు బద్ధకించి పొద్దెక్కేదాకా పడుకుంది. తలుపు తీసేసరికి వీధివాళ్లంతా వాకిట్లో నిలబడి ఉన్నారు. ఎదురింటి ముసలాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వాకిట్లో నీళ్లు పడ్లేదే. నువ్వు పోయినావనుకుంటిమి గదమ్మా" అని ఇల్లుగలామె ఏడుస్తూనే తిట్టిందట.

"ఇల్లు బాగుండాదా లేదా తర్వాత సూడు" అంది ఫ్రెంచావిడ నాతో. "నువ్వు లేయకుంటే వచ్చి తలుపు కొట్టేవాళ్లు ఉండారా, అది ముందు సూడు."

ఇప్పుడు మలేషియాలో మా ఫ్లాట్ గుమ్మం ముందు రోజూ చిన్న ముగ్గు వేస్తున్నాను. మొన్న ఒకరోజు ఆలస్యంగా లేచాను. బెల్లు మోగింది. ఎదురింటి చైనావిడ ఖాళీ గచ్చును చూపించి, నన్ను ఎగాదిగా చూసి, నవ్వుతూ వెళ్లిపోయింది.