బ్యాటరీ మీద నడిచినప్పటి చప్పుడు

మా మనుమరాలు విమానాల చప్పుడు లెక్కగడుతుంది. పెట్రోలు ఇంజను, బ్యాటరీ మోటారు రెండూ ఉన్న చిన్న విమానం ఎంత మోత చేస్తుందో, దాన్ని తయారుచేయకముందే కంప్యూటరులో తేల్చాలి. ఆ లెక్క నిజమో కాదో చూడటానికి నిరుడు యాసంగి పంట కాలంలో నెల్లికుదురు దగ్గరి మా కల్లంలో ఇంజను, మోటారు, ప్రొపెల్లరు ఒక ఇనుప చట్రానికి బిగించింది. నేను ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరును. వేళలు రాసే పని నాకు అప్పగించింది.

సోమవారం పొద్దుటికల్లా ఫలితాలు యూనివర్సిటీలో వాళ్ల గైడుకు చేరాలి. లెక్క తప్పని తేలితే ఎగిరే నమూనాకు ఆమె వేసిన ఈ ఇంజను-మోటారు డిజైను తీసుకోరు.

శనివారం ఇంజను మీద నడిపితే లెక్క కుదిరింది. ఒట్టి బ్యాటరీ మీద నడిపితే మాత్రం చప్పుడు కొలిచే మైకు లెక్క కన్నా నాలుగు డెసిబెల్లు ఎక్కువ చూపింది. మూడుసార్లూ అంతే.

పక్క చేను రైతు ఒడ్డు మీద కూర్చుని నవ్వాడు. "గింత సదువు సదివి ఫ్యాన్ తిప్పుతున్నవా బిడ్డా? జర ఇటు తిప్పు, ఉక్కపోస్తున్నది."

"లెక్కల ఒక్క అంకె మారిస్తే కలుస్తది గదా," అన్నాను నేను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

"కలుస్తది అవ్వా. ఎందుకు ఎక్కువొచ్చిందో తెల్వకుండ ఎట్ల మారుస్త?"

సాయంత్రం నేను రాసిన వేళలు ఇద్దరం వరుసగా చూశాం. కరెంటు పోయినవీ వచ్చినవీ కూడా రాయడం నాకు అలవాటు. మైకు కొలతలోంచి తీసేయడానికి చుట్టుపక్కల సడిని ఆమె 10:40కి కొలిచింది, అప్పుడు కరెంటు లేదు. 11:05కి వచ్చింది. బ్యాటరీ పరీక్ష 11:20కి. కరెంటు రాగానే రైతు బావి మీది మోటారు ఆటో స్టార్టరుతో దానంతటదే మొదలవుతుంది. ఇంజను మోతలో అది మునిగిపోయింది, బ్యాటరీ మీది మెల్లటి చప్పుడుకు మాత్రం తోడై కొలతను పెంచింది. రోజూ వినే చప్పుడు కాబట్టి మాలో ఒక్కరి చెవినా పడలేదు.

ఆదివారం ఆమె రైతును అడిగింది. "కాకా, ఒక్క గంట మోటర్ బందు పెడ్తవా?"

"నీ ఫ్యాన్ కోసం నా వరి ఎండాల్నా?" అంటూనే స్టార్టరు ఆపాడు.

ఈసారి తేడా అర డెసిబెల్. నేనైతే ఆ కొలతలే పంపేదాన్ని. ఆమె శనివారంవి కూడా, జరిగిన పొరపాటు వివరంగా రాసి పంపింది.

"తప్పువి పంపుడెందుకే?"

"ఇంకో ఊళ్లె ఇంకొకళ్లు గిదే తప్పు చేస్తరు అవ్వా."

గురువారం జవాబు వచ్చింది. డిజైను తీసుకున్నారు. శనివారం కొలతల గురించి రెండు ప్రశ్నలు అడిగారు. ఆదివారం కొలతల గురించి ఒక్కటీ లేదు.