మా జీపుకు లాకర్

ఈ సాయంత్రం ముసురు పట్టింది. ఇంటి ముందు నిలిపిన పాత జీపులో కళ్లు మూసుకుని కూర్చున్నాను. పానగల్ అవతల మా చేనుబాటలో, నల్లరేగడి బురద మీద తేలిపోతున్నట్టు పగటికల. అంతలో నార్కట్‌పల్లి మెకానిక్ ఫోన్ చేసి వెనక ఇరుసుకు ఏ లాకర్ కావాలని అడిగాడు.

"లాకర్ సంగతి జర ఆలోచించి చెప్త" అన్నాను.

చాయ్ తెచ్చిన మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. "లాకరా? నా గొలుసు, గాజులు పెట్టుకోనీకా?"

నవ్వాపుకుని చెప్పాను. బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే రెండోది కదలదు. లాకర్ ఆ రెండింటినీ కలిపి తిప్పుతుంది. ఒక రకం స్విచ్ నొక్కితేనే బిగుస్తుంది. ఇంకోటి ఎప్పుడూ బిగిసే ఉండి, రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగాల్సిన మలుపుల్లో మొరాయిస్తుంది.

ఆమె పక్క సీట్లో కూర్చుని, అద్దం మీద జారే చినుకులను చూస్తూ అంది.

"స్విచ్‌దే పెట్టియ్యి. బురదల పడ్డప్పుడు ఇద్దరం కలిసి తిరుగుదాం. మిగిలినప్పుడు ఎవరి తిరుగుడు వాళ్లది. లేకుంటె మలుపు ఎట్ల తిరుగుతం?"

మెకానిక్‌కు అదే చెప్పాను. నేను చెప్పింది జీపు గురించేనని ఆమెకు గుర్తుచేయాలనిపించలేదు.

ఇంతకీ మీ ఇంట్లో ఏ రకం లాకరండీ?